గుర్రపుడెక్క గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుర్రపుడెక్క గారి దివ్య సముఖమునకు,

బెజవాడ కృష్ణలంక నుంచి గాలం పట్టుకు తిరిగే ఒక మామూలు మనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. కాలువ వంతెన మీద నిలబడితే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్ల మీద తేలే కలుపు మొక్కలై తమరు పచ్చగా కనిపిస్తూనే ఉన్నారు.

పోయిన ఆదివారం నేనూ మా బావమరిదీ చేపలకని బయల్దేరాం. కారు నెత్తిన రెండు కయాకులు తాళ్లతో బిగించి, పులిహోర పొట్లాలు, మంచినీళ్లు సర్దుకుని, తెల్లారేసరికి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర నీళ్లలోకి దింపాం. కయాక్ అంటే పదడుగుల ప్లాస్టిక్ పడవ. మనిషి ఒక్కడే కూర్చోవాలి. రెండు కొసలా రెక్కలున్న తెడ్డు, వీపు వెనక గాలపు కర్రలు గుచ్చుకునే గొట్టాలు. మోటారు లేదు కాబట్టి చప్పుడు చెయ్యదు, చేప బెదరదు, జానెడు లోతు నీళ్లున్నా పోతుంది. నీళ్లుంటే పోతుందన్నాను. తమరుంటే పోతుందని అమ్మినవాడు కూడా అనలేదు.

థర్మల్ చిమ్నీల పొగ ఇంకా మంచులో కలిసే ఉంది, అప్పటికే తమరు ఎదురొచ్చారు. తెడ్డు వేస్తే నీళ్లు తగలవు, ఆకుల మీద పడి జారుతుంది. గుచ్చి లాగితే ఒక కుటుంబం మొత్తం పైకి లేచింది: నల్లటి వేళ్ల కుచ్చు, దాన్నిండా గోరంత నత్తలు, ఉబ్బిన తొడిమల గుత్తి, నడినెత్తిన ఊదారంగు పూలు. ఒక తొడిమ గిల్లి చూశాను. లోపలంతా గాలి గదులే. ఇంక తమరు మునగమన్నా ఎందుకు మునుగుతారు? లైఫ్ జాకెట్ కొనుక్కోవాల్సిన ఖర్మ మాది.

తమరి వంశచరిత్ర తెలియక కాదు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. పూలు బాగున్నాయని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎవరో బెంగాల్‌కు తెచ్చి చెరువులో వేశారు. ఆ తర్వాత తమరి ఆగడాలు భరించలేక అక్కడి ప్రభుత్వం 1936లో తమరొక్కరి మీదే ఒక చట్టం చేసింది. 1980ల్లో తమరిని తినే ముక్కుపురుగుల్ని కూడా విదేశాల నుంచి రప్పించారు. పాపం పురుగులు. తమరేమో చట్టానికీ, పురుగుకూ చెక్కుచెదరకుండా మా బందరు కాలువ దాకా వచ్చి స్థిరపడ్డారు.

వరదలప్పుడు మాకు ఆశ పుడుతుంది సుమండీ. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తితే తమరు గుంపులు గుంపులుగా హంసలదీవి దాకా కొట్టుకుపోతారు, సముద్రపు ఉప్పుకి ప్రాణాలొదులుతారు. నది శుభ్రపడిందని ఊరంతా సెల్ఫీలు. కానీ గట్టువార పిలక ఒక్కటి మిగిలితే చాలు, ఎండా తిండీ అమరితే రెండు వారాల్లో రెండింతలు! పైగా బురదలో పడ్డ మీ విత్తనం పదిహేనేళ్లయినా మొలుస్తుందట. మా పిల్లల పేరున వేసిన ఫిక్సెడ్ డిపాజిట్ కూడా ఇంత నికరంగా పెరగలేదు.

తిండి సంగతంటారా, అది మా బాధ్యతే. ఊళ్లోని సబ్బునీళ్లు, మురుగు, పొలాల్లో మిగిలిన యూరియా, అన్నీ తమరి విస్తట్లోకే. నత్రజని, భాస్వరం పూట తప్పకుండా వడ్డిస్తాం. ఆనక అదే చేత్తో తమరిని పీకించడానికి టెండర్లు పిలుస్తాం. పీకించి గట్టు మీదే గుట్ట పోయించి, వానకు మళ్లీ లోపలికి జారనిస్తాం. ఇంత అతిథి మర్యాద పెళ్లివారికి కూడా జరగదు.

చేపల విషయంలో మాత్రం తమరి పక్షపాతం బాగాలేదు. తమరు పైన పరుచుకుంటే కింద వెలుతురుండదు, ప్రాణవాయువు తగ్గిపోతుంది. బొచ్చె, శీలావతి పక్కకు తప్పుకుంటాయి. కొరమేను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు గనక తమరి నీడలో హాయిగా కాపురం చేస్తుంది. దానికోసమే ఎరగా రబ్బరు కప్ప తెచ్చాను. కొక్కేలు వీపుకి అణిగి ఉంటాయి కాబట్టి ఆకుల మీద గెంతిస్తూ లాగొచ్చు. అంచు దాకా లాగానో లేదో, ధభీమని నీళ్లు ఎగిశాయి! కర్ర విల్లులా వంగింది. చేప తిన్నగా తమరి వేళ్లలోకి దూరింది. లాగితే రెండు కిలోల తమరు వచ్చారు. చేపా లేదు, కప్పా లేదు.

మధ్యాహ్నం గాలి తిరిగేసరికి తమరంతా కదిలొచ్చి మమ్మల్ని నలువైపులా కమ్మేశారు. పుట్టిలో వల తీస్తున్న ఒక పెద్దాయన చూసి నవ్వాడు. "ఆ తెడ్డుతో ఎంతసేపు కొడతారు బాబూ? ముందు నుంచి చేత్తో పీకి వెనక్కేసుకుంటా రండి, దారి అదే పడుద్ది" అన్నాడు. మా బావమరిది ఖరీదైన చేతి తొడుగులు విప్పి పీకడం మొదలెట్టాడు. గట్టెక్కేసరికి పొద్దుగూకింది.

వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నాం. తమరిని పొమ్మనే ధైర్యం లేదు, పెట్టి పోషించేది మేమే కదా. ఫెర్రీ పక్కన మూడడుగుల వెడల్పు దారి వదిలితే చాలు.

ఇట్లు,
తమరి పోషకుల్లో ఒకడు

తా.క.: రబ్బరు కప్ప పచ్చది, పొట్ట తెల్లన. తమరి వేళ్లలో దొరికితే ఆ పుట్టి పెద్దాయనకు ఇచ్చెయ్యండి. కొరమేను కడుపులో ఉంటే మాత్రం ఆ చిరునామా నాకు పంపండి.