ఓటు లేనివారి మాటకూ చట్టంలో చోటుంది

అమెరికాలోని మన తెలుగువారి ఇళ్ళల్లో, విందుల్లో, సంఘం సమావేశాల్లో ఇక్కడి రాజకీయాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట అధ్యక్ష ఎన్నికల మీదకో, పార్టీల గెలుపోటముల మీదకో మళ్ళిపోతుంది. పౌరసత్వం ఉన్నవారు ఆవేశంగా వాదించుకుంటారు. వీసా మీద ఉన్నవారు "మనకు ఓటు లేదు కదా, మన అభిప్రాయంతో ఎవరికి పని" అని పక్కకు తప్పుకుంటారు. ఈ రెండో మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అది నిజం కాదు. చదువు ముగించిన విద్యార్థి ఎన్ని నెలలు ఉద్యోగం చేసుకోవచ్చు, ఉద్యోగ వీసాదారుడి భార్యగా హెచ్-4 వీసా మీద ఉన్న ఇల్లాలు కొలువులో చేరవచ్చా, విదేశీ నిపుణులకిచ్చే హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులను ఏ పద్ధతిలో ఎంపిక చేయాలి, ఇంటర్నెట్ కంపెనీ తనకు నచ్చని వెబ్‌సైట్ వేగాన్ని తగ్గించవచ్చా వంటి ప్రశ్నలకు జవాబులు చాలావరకు కాంగ్రెస్ ఓటింగులో తేలవు. ప్రభుత్వ శాఖలు రాసే నిబంధనల్లో తేలతాయి. ఆ నిబంధనలు రాసేటప్పుడు ప్రజల మాట వినాలని 1946లో వచ్చిన అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ ఆదేశిస్తోంది.

ఆ చట్టం ప్రకారం శాఖ ముందుగా తన ముసాయిదాను ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రచురించాలి, సాధారణంగా 30 నుంచి 60 రోజుల గడువు ఇచ్చి అభిప్రాయాలు తీసుకోవాలి, వచ్చిన వాటిలో పస ఉన్న ప్రతి అభ్యంతరానికీ తుది నిబంధనలో సమాధానం చెప్పాలి. చెప్పకపోతే ఆ నిబంధనను కోర్టు కొట్టివేయవచ్చు. అభిప్రాయం చెప్పే హక్కు "సంబంధం ఉన్న వ్యక్తుల"కు ఉందని చట్టం అన్నదే తప్ప, వారు పౌరులై ఉండాలని ఎక్కడా అనలేదు. ఈ దేశ పౌరసత్వం స్వీకరించిన సాధారణ అమెరికన్‌గా నేను ఎంతో గౌరవించే విషయాల్లో ఇది ఒకటి. ఓటు పౌరులకే పరిమితమైనా, ఒక నిర్ణయం ఎవరి బతుకును తాకుతుందో వారి మాట వినాలన్న నియమం అందరికీ వర్తిస్తోంది.

ఇది కాగితం మీది ఆదర్శం అనుకునేవారు స్టెమ్ ఓపీటీ (చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) చరిత్రను ఒకసారి చూడాలి. సైన్స్, ఇంజినీరింగ్ వంటి రంగాల్లో చదివిన విదేశీ విద్యార్థులకు మామూలు 12 నెలల ఓపీటీపై మరో 17 నెలల పొడిగింపును హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2008లో ఇచ్చింది. అయితే అత్యవసరమని చెప్పి, ప్రజాభిప్రాయ సేకరణ జరపకుండా ఇచ్చింది. ఈ పొడిగింపు వల్ల తమ ఉద్యోగావకాశాలు దెబ్బతింటున్నాయని అమెరికన్ టెక్నాలజీ ఉద్యోగుల సంఘం ఒకటి కోర్టుకు వెళ్ళింది. 2015 ఆగస్టులో వాషింగ్టన్‌లోని జిల్లా న్యాయమూర్తి ఎలెన్ హ్యూవెల్ తీర్పు చెబుతూ, ప్రజలను అడగకుండా చేసిన ఆ నిబంధన చెల్లదన్నారు. వేలాది మంది విద్యార్థులు ఒక్కసారిగా రోడ్డున పడకుండా ఆ తీర్పు అమలును కొన్ని నెలలు వాయిదా వేశారు. ఆ రోజుల్లో మన పిల్లల ఇళ్ళల్లో ఎంత ఆందోళన నెలకొందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శాఖ ఆ అక్టోబరులో కొత్త ముసాయిదా ప్రచురించింది. దానికి 50 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. 2016 మార్చిలో వెలువడి మే 10న అమల్లోకి వచ్చిన తుది నిబంధన పొడిగింపును 24 నెలలకు పెంచింది. దాని మీద కూడా వ్యాజ్యం నడిచింది గానీ, 2022లో అప్పీళ్ళ కోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

ఆ తుది నిబంధన పీఠికను ఓపికగా చదివితే ప్రజల మాట ఎక్కడ ఎలా పనిచేసిందో కంటికి కనిపిస్తుంది. అభ్యంతరం ఏమిటో ఒక పేరాలో, దానికి శాఖ సమాధానం తరువాతి పేరాలో, ఇలా అది పేజీల తరబడి సాగుతుంది. విద్యార్థి శిక్షణ ఎలా సాగుతోందో ఆరు నెలలకోసారి మూల్యాంకనం రాయాలని ముసాయిదాలో ఉండేది. అది విద్యార్థులకు, యజమానులకు, విశ్వవిద్యాలయాల సిబ్బందికి మోయలేని భారమని రాసినవారి వాదనను పరిగణించి, తుది నిబంధనలో దాన్ని ఏడాదికోసారిగా మార్చారు. ఈ రోజు ఆ శిక్షణకు సంబంధించిన ఐ-983 పత్రం నింపుతున్న ప్రతి తెలుగు విద్యార్థీ, తనకు ముఖపరిచయం కూడా లేని ఎవరో ఓపికగా కూర్చుని రాసిన కొన్ని వాక్యాల ఫలితాన్ని అనుభవిస్తున్నాడు.

అదే చట్టం 2020లో మనవైపు నిలబడింది. ఆ ఏడాది అక్టోబరులో కార్మిక శాఖ హెచ్-1బికి, గ్రీన్ కార్డు ప్రక్రియకు వర్తించే కనీస వేతన స్థాయిలను రాత్రికి రాత్రే పెంచింది. తొలి స్థాయి వేతనం అంతవరకు ఆ వృత్తిలో 17వ పర్సంటైల్ దగ్గర (అంటే నూటికి 17 మంది అంతకన్నా తక్కువ పొందే స్థాయిలో) ఉండగా, ఒక్కసారిగా 45వ పర్సంటైల్‌కు చేరింది. కోవిడ్ వల్ల నిరుద్యోగం పెరిగిందని, అందువల్ల ప్రజాభిప్రాయం కోసం ఆగే వీలు లేదని శాఖ వాదించింది. ఆ డిసెంబరు 1న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి జెఫ్రీ వైట్ ఆ వాదనను తోసిపుచ్చి నిబంధనను కొట్టివేశారు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదవమని మన యువతకు చెబుతుంటాను. 2015లో మనకు నష్టం కలిగించిన నియమమే 2020లో మనల్ని కాపాడింది. మనకు అనుకూలమైనప్పుడే ఆ నియమం కావాలనడం న్యాయం కాదు.

అయితే ప్రజాభిప్రాయం అంటే సంఖ్యాబలమని భావించడం వల్ల ఈ ప్రక్రియకు జరిగిన హాని కూడా చిన్నది కాదు. 2017లో అజిత్ పాయ్ అధ్యక్షతన టెలికాం, ఇంటర్నెట్ రంగాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా చూడాలనే నెట్ న్యూట్రాలిటీ నిబంధనలను ఎత్తివేయడానికి పూనుకున్నప్పుడు 2.2 కోట్లకు పైగా అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ 2021 మేలో విడుదల చేసిన దర్యాప్తు నివేదిక ప్రకారం వాటిలో దాదాపు 1.8 కోట్లు నకిలీవి. బ్రాడ్‌బ్యాండ్ పరిశ్రమ సొమ్ముతో నడిచిన ప్రచారం నుంచి సుమారు 85 లక్షలు వచ్చాయి. ఆ పని పుచ్చుకున్న సంస్థలు చాలావరకు ఎవరినీ అడగకుండానే, ఎక్కడెక్కడో దొరికిన పేర్లను, చిరునామాలను వాడేశాయి. రెండో వైపు, నెట్ న్యూట్రాలిటీని సమర్థిస్తూ 77 లక్షలకు పైగా అభిప్రాయాలను కల్పిత పేర్లతో ఒక్కడే పంపాడు. అతడు 19 ఏళ్ళ కాలేజీ విద్యార్థి. తన పేరుతో ఏ అభిప్రాయం దాఖలైందో తనకే తెలియని అమెరికన్లు లక్షల్లో ఉన్నారంటే, ప్రజాస్వామ్యంలో అంతకన్నా పెద్ద దొంగతనం ఏముంటుంది?

అంత అబద్ధపు వరదలోనూ కోర్టును కదిలించిన నిజమైన గొంతులు ఉన్నాయి. సిలికాన్ వ్యాలీలోని శాంటా క్లారా కౌంటీ, దాని అగ్నిమాపక విభాగం అత్యవసర సమయాల్లో ప్రజలను హెచ్చరించడానికి, సిబ్బందిని సమన్వయపరచడానికి తాము ఇంటర్నెట్ మీద ఎలా ఆధారపడుతున్నాయో వివరిస్తూ అభ్యంతరం చెప్పాయి. 2019 అక్టోబరులో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు కమిషన్ ఉత్తర్వును చాలావరకు నిలబెడుతూనే, ప్రజాభద్రత మీద దాని ప్రభావాన్ని కమిషన్ పరిశీలించలేదని తప్పుపట్టి, ఆ భాగాన్ని తిరిగి పరిశీలించమని వెనక్కి పంపింది. కోట్ల నకిలీ సంతకాలకు దక్కని విలువ, పనిలో ఉన్నవారు తమ పని గురించి రాసిన మాటకు దక్కింది.

మన సమాజంలో ఈ విషయంలో జరుగుతున్నదాన్ని నేను ఒప్పుకోలేను. వీసాలకు సంబంధించిన ముసాయిదా ఏదైనా వచ్చిందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక సిద్ధపు ఉత్తరం తిరగడం మొదలవుతుంది. "పేరు మార్చి పంపండి, రెండు నిమిషాలే" అని కింద రాసి ఉంటుంది. అది పంపిన వేలమందీ తమ కర్తవ్యం నెరవేరిందని తృప్తిపడతారు. శాఖ మాత్రం ఆ వేల ఉత్తరాలను ఒకే వాదనగా కట్టగట్టి, ఒకే పేరాలో సమాధానం చెప్పి ముగిస్తుంది. ఇప్పుడు కృత్రిమ మేధ పుణ్యమా అని ఒకే ఉత్తరాన్ని వెయ్యి రకాలుగా తిరగరాయించి పంపవచ్చన్న సలహాలు కూడా వినిపిస్తున్నాయి. 2017లో పరిశ్రమ సొమ్ము చేసిన పనినే మనం ఉచితంగా చేసినట్టవుతుంది తప్ప దానివల్ల మేలు లేదు. పైగా మన సమాజం మాట మీద నమ్మకం పోతుంది.

ఒక మంచి అభిప్రాయం రాయడానికి న్యాయవాది కానవసరం లేదు. అభిప్రాయాలు స్వీకరించే ప్రభుత్వ వెబ్‌సైట్ రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో సంబంధిత ముసాయిదా తెరిస్తే ఒక పెట్టె కనిపిస్తుంది. అందులో 5,000 అక్షరాల వరకు రాయవచ్చు. అంతకు మించితే పత్రం జతచేయవచ్చు. వ్యక్తిగా రాస్తున్నారా, సంస్థ తరఫునా, పేరు చెప్పకుండానా అని అడుగుతుంది. ముసాయిదాలోని ఏ అంశం గురించి రాస్తున్నారో మొదట చెప్పాలి. తరువాత ఆ అంశం అమలైతే మీ ఉద్యోగంలో, మీ ఇంట్లో, మీ ఊళ్ళో ఏమవుతుందో లెక్కలతో చెప్పాలి. హెచ్-4 ఉద్యోగానుమతి పునరుద్ధరణ ఆలస్యమై నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్న ఒక నర్సు, ఆ నాలుగు నెలల్లో తన ఆసుపత్రి ఆ షిఫ్టులను ఎవరితో, ఎంత ఎక్కువ ఖర్చుతో నెట్టుకొచ్చిందో రాస్తే, శాఖ ఆర్థికవేత్తలు వేసుకున్న ఖర్చుల అంచనాను అది నేరుగా ప్రశ్నిస్తుంది. "మేము ఈ దేశానికి ఎంతో సేవ చేస్తున్నాం" అన్న వాక్యం ఎంత నిజమైనా, దానికి శాఖ సమాధానం చెప్పవలసిన పని లేదు.

ఇప్పటి వాతావరణంలో వీసా మీద ఉన్నవారు ప్రభుత్వానికి అభ్యంతరం రాయడానికి భయపడుతున్నారని నాకు తెలుసు, ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోను. దాఖలైన అభిప్రాయాలు చాలావరకు అందరికీ కనిపిస్తాయి కనుక పాస్‌పోర్టు నంబరు, కేసు నంబరు వంటివి అందులో రాయకూడదు. పేరు చెప్పకుండా రాసే వీలుంది. విశ్వవిద్యాలయం, వృత్తి సంఘం, మన తెలుగు సంఘం తరఫున రాయించే వీలూ ఉంది. ఓటు ఉన్న మనలాంటివారు వారి అనుభవాలను సేకరించి మన పేర్లతో రాయడానికి అడ్డేమీ లేదు. భయపడవలసిన అవసరం లేనివారే ముందుకు రావాలి.

ఎదుటివారి అభిప్రాయాలను కూడా చదవాలని గట్టిగా చెబుతాను. 2008 నిబంధనను కోర్టుకు ఈడ్చినవారూ సాధారణ అమెరికన్లే. తక్కువ జీతానికి పనిచేసే విద్యార్థులు తమ స్థానంలోకి వస్తారన్నది వారి ఆందోళన. 2016 నిబంధన ఆ మాటను పెడచెవిన పెట్టలేదు. అదే పనిచేసే అమెరికన్ ఉద్యోగికి దక్కే వేతనం, పరిస్థితులే విద్యార్థికీ దక్కాలని షరతు విధించింది. నకిలీ శిక్షణ సంస్థలు, ప్రాజెక్టు లేకుండానే బెంచి మీద కూర్చోబెట్టే కన్సల్టెన్సీలు మన సమాజంలో ఉన్నాయన్న మాట కొట్టిపారేయలేనిది. వాటి చేతిలో మోసపోయిన మన పిల్లలే అందుకు సాక్షులు. ఆ మోసాన్ని అరికట్టాలని మనమే ముందుగా రాస్తే మన మిగతా వాదనకు బలం వస్తుంది.

ఇంతలో ఈ తలుపు కొంచెం కొంచెంగా మూసుకుంటోంది. 2025 మార్చిలో ఆరోగ్య శాఖ తన గ్రాంట్లు, ప్రయోజనాల విషయంలో ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని 1971 నుంచి స్వచ్ఛందంగా పాటిస్తున్న విధానాన్ని ఉపసంహరించుకుంది. ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్షుడి ఆదేశం, చట్టవిరుద్ధమని తాము భావించిన నిబంధనలను అభిప్రాయ సేకరణ లేకుండానే రద్దు చేయమని శాఖలకు సూచించింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము అధ్యక్ష ప్రకటనతో వచ్చింది, ఎవరినీ అడగలేదు. ఉద్యోగానుమతి పునరుద్ధరణకు దరఖాస్తు చేసినవారికి లభించే 540 రోజుల స్వయంచాలక పొడిగింపును హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ అక్టోబరు 30న ఎత్తివేసి, అమల్లోకి తెచ్చాక అభిప్రాయాలు కోరింది. హెచ్-1బి ఎంపికలో ఎక్కువ వేతనం ఉన్నవారికి మొగ్గు ఇచ్చే మార్పును మాత్రం ముసాయిదాగా ప్రచురించి 30 రోజుల గడువు ఇచ్చింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ముందు అమలు చేసి తరువాత అడగడం తప్పు. 2008లో మనకు లాభం కలిగినప్పుడు కూడా అది తప్పే.

ఈ నియమం విలువ ఫెడరల్ ప్రభుత్వంతోనే ఆగదు. మన తెలుగువారు వేలాదిగా ఉన్న ఉత్తర వర్జీనియాలో డేటా సెంటర్ల విస్తరణ పెద్ద వివాదం. ప్రిన్స్ విలియం కౌంటీలో మనాసస్ యుద్ధభూమి పక్కన 2,000కు పైగా ఎకరాల్లో ప్రతిపాదించిన డిజిటల్ గేట్‌వే అనే డేటా సెంటర్ల సముదాయం మీద 2023 డిసెంబరులో 27 గంటల పాటు ఏకబిగిన సమావేశం జరిగింది. రాత్రంతా మేలుకుని వరుసలో నిలబడి మాట్లాడినవారిలో రైతులు, విశ్రాంత ఉద్యోగులు, నిర్మాణ కార్మికులు ఉన్నారు. బోర్డు చివరికి అనుమతి ఇచ్చింది. బహిరంగ విచారణకు ముందు చట్టప్రకారం ఇవ్వవలసిన ప్రకటనలు సరిగా ఇవ్వలేదన్న కారణంతో 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు ఆ అనుమతి చెల్లదని తీర్పిచ్చింది; వివాదం అప్పీలుకు వెళ్ళింది. ఆ డేటా సెంటర్ల క్లౌడ్ మీద పనిచేసే ఇంజినీర్లలో మనవారు ఎందరో ఉన్నారు. విద్యుత్తు, నీరు, శబ్దం గురించి ఇరుపక్షాలూ చెప్పేవాటిలో ఏది నిజమో, ఏది అతిశయోక్తో సాంకేతికంగా వివరించగలిగినవారు అటువంటి విచారణలకు వెళ్ళకపోవడం ఆ ఊరికి నష్టం. మన తెలుగు రాష్ట్రాల్లో పరిశ్రమ పెట్టేముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చి మాట్లాడడం చూసిన మనకు ఇది కొత్త విద్య కాదు.

మన జాతీయ సంఘాల మహాసభల్లో ఇమిగ్రేషన్ మీద ఒక సదస్సు తప్పకుండా ఉంటుంది. అందులో న్యాయవాది చెప్పేది విని, తమ సొంత కేసు గురించి ఒక ప్రశ్న అడిగి అందరూ వెళ్ళిపోతారు. ఆ సమయంలో సగాన్ని రాయడానికి కేటాయించాలని నా ప్రతిపాదన. గడువు ఇంకా ముగియని ముసాయిదాలు రెండు మూడు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక బల్ల వేసి, చదివి వివరించగలిగిన ఇద్దరిని అక్కడ కూర్చోబెట్టాలి. వీసా ముసాయిదాలతో పాటు డేటా గోప్యత, ఆసుపత్రి బిల్లులు, కృత్రిమ మేధ వంటి విషయాల మీద వచ్చినవి కూడా అందులో ఉండాలి, ఎందుకంటే మనం ఈ దేశంలో వీసాదారులం మాత్రమే కాదు. రోగులం, తల్లిదండ్రులం, పన్ను కట్టేవాళ్ళం. వచ్చినవారు తమ అనుభవాన్ని తెలుగులో చెప్పినా, ఇంగ్లీషులోకి మార్చి రాసిపెట్టే యువతీయువకులు మన దగ్గర కావలసినంతమంది ఉన్నారు. దాఖలు చేశాక వచ్చే ట్రాకింగ్ నంబరును రాసిపెట్టుకుని, తుది నిబంధన వెలువడినప్పుడు అందులో మన వాదనకు ఇచ్చిన సమాధానాన్ని ఈ పత్రికలోనే తెలుగులో ప్రచురించే బాధ్యత సంఘం తీసుకోవాలి.