జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. కానీ వెంటపడి చదివించేవాళ్లూ లేరు

"జర్మనీలో ఫీజు లేదంట కదా, మావాణ్ని ఎమ్మెస్‌కి పంపేద్దాం" అనుకుంటున్న తల్లిదండ్రులూ, బ్యాగులు సర్దుకుంటున్న బీటెక్ పిల్లలూ కాస్త ఓపిగ్గా చదవండి. మన డిగ్రీ అసలైనదేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్, ఖర్చులకు డబ్బుందని చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు, వీసా స్లాట్... ఇవన్నీ కన్సల్టెన్సీలు చెప్తాయి. అక్కడ స్టూడెంట్‌గా బతకడమెలాగో చెప్పవు. నాకు కోపం అందుకే.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 75 శాతం హాజరు లేకపోతే డిటెన్షన్. 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ (హాజరు మాఫీ). మిడ్‌లు, రికార్డులు, ఇంటికి ఫోన్లు. పోతే సప్లీ. నాలుగేళ్లు ఇలా ఒకరు తోస్తే కదలడం అలవాటైన పిల్లాడు, చాలా లెక్చర్లకు హాజరే తీసుకోని చోటికి వెళ్తాడు. అక్టోబర్ మధ్యలో క్లాసులు మొదలవుతాయి, జనవరి దాకా ఎవరూ ఏమీ అడగరు. ఫిబ్రవరిలో పరీక్ష. చాలా సబ్జెక్టుల్లో గ్రేడ్ మొత్తం ఆ ఒక్క పరీక్ష మీదే.

లెక్క చూడండి. సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి మామూలుగా 30 గంటల పని. 6 క్రెడిట్ల సబ్జెక్టుకి 180 గంటలు. వారానికి 4 గంటల చొప్పున 15 వారాలు క్లాసుకి వెళ్లినా 60 గంటలే. మిగతా 120 గంటలు సొంతంగా కూర్చుని చదవాలి. ఆ 120 గంటలనే ఖాళీ టైమనుకుని వేర్‌హౌస్ నైట్ షిఫ్టులకు ఇచ్చేస్తున్నారు. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చని వీసా రూల్ ఒప్పుకుంటుంది. సిలబస్ ఒప్పుకోదు.

ఇక పరీక్ష. సీట్లో కూర్చోవాలంటే గడువులోగా పోర్టల్‌లో ఎవరికి వాళ్లే నమోదు చేసుకోవాలి. మర్చిపోతే ఆ సబ్జెక్టు వచ్చే సెమిస్టర్‌కో, కొన్నిచోట్ల ఏడాదికో. నమోదు చేసుకుని, రద్దూ చేసుకోక, డాక్టర్ సర్టిఫికెట్టూ ఇవ్వక ఎగ్గొడితే మామూలుగా 5.0, అంటే ఫెయిల్. చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టుకి మూడే ప్రయత్నాలు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోది కూడా పోతే కోర్సు నుంచే తీసేస్తారు. స్టూడెంట్‌గా ఉండనిచ్చే పర్మిట్ కూడా అప్పుడు చిక్కుల్లో పడుతుంది. బ్యాక్‌లాగ్‌లు ఎన్నున్నా చివర్లో క్లియర్ చేసుకోవచ్చనే ధీమా అక్కడ పనికిరాదు.

దీనికంటే తక్కువమందికి తెలిసిన మాట ఇంకొకటి: పాసైన పరీక్షను గ్రేడ్ కోసం మళ్లీ రాయనివ్వని చోట్లే ఎక్కువ. 1.0 అత్యుత్తమం, 4.0 బొటాబొటీ పాస్. సగం ప్రిపరేషన్‌తో వెళ్లి 4.0 తెచ్చుకుంటే అది సర్టిఫికెట్ మీద ఉండిపోతుంది. ప్రిపరేషన్ సరిగా లేదనిపిస్తే గడువులోపు నమోదు రద్దు చేసుకోవడం చాలాసార్లు మేలు.

అప్లై చేసే ముందే ఆ కోర్సు మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (ఏ సబ్జెక్టులో ఏముంటుందో చెప్పేది), పరీక్షల నిబంధనల పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేయండి. ఎన్ని ప్రయత్నాలు, ఏ సెమిస్టర్‌కి కనీసం ఎన్ని క్రెడిట్లు రావాలి, రద్దుకి గడువెప్పుడు - ఈ మూడూ వెతకండి. నిబంధనలు జర్మన్‌లోనే ఉంటే ట్రాన్స్‌లేటర్‌లో పెట్టి అయినా చదవండి. చేరాక ఫాఖ్‌షాఫ్ట్ అనే విద్యార్థి సంఘాన్ని పాత పేపర్లు అడగండి, చాలాచోట్ల వాటిని భద్రంగా ఉంచుతారు. ప్రొఫెసర్ కన్సల్టేషన్ టైముకి వెళ్లి డౌట్ అడిగితే ఎవరూ తక్కువగా చూడరు. ట్యూషన్ ఫీజు లేకపోయినా ప్రతి సెమిస్టర్‌కీ కట్టాల్సిన సెమిస్టర్ ఫీజు గడువును ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. అది కట్టకపోతే పేరు కొట్టేస్తారు.

అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. ఫోన్ చేసినప్పుడు పార్ట్‌టైమ్ దొరికిందా అని కాదు, ఈ సెమిస్టర్ ఎన్ని పరీక్షలకు నమోదు చేసుకున్నావని అడగండి.