వెనక బెంచీలో కూర్చుంటేనే కనిపించే ప్రతిభ

ఆ మధ్య విశాఖలోని ఒక కళాశాలలో స్టాటిస్టిక్స్ పాఠాన్ని చివరి బెంచీలో కూర్చుని వినే అవకాశం నాకు దొరికింది. పాఠం చెబుతున్న అధ్యాపకురాలు ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. డిగ్రీ మొదటి ఏడాది తరగతి అది. అరవై మందికి పైగా పిల్లలున్నారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవారు, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవారు వారిలో చాలామందే ఉన్నారు. ఆమె బోర్డు మీద మద్దిలపాలెం, గురుద్వారా అని రెండు బస్ స్టాపుల పేర్లు రాశారు. మొదటి స్టాపులో మూడు రోజులు వరసగా 9, 10, 11 నిమిషాలు బస్సు కోసం ఆగాల్సి వచ్చిందనుకోమన్నారు. రెండోచోట 1, 10, 19 నిమిషాలు. సగటు రెండుచోట్లా పదే. ‘‘సగటు ఒకటే అయినప్పుడు తేడా ఏముంది మేడమ్?’’ అని ముందు వరసలోని అబ్బాయి అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. ‘‘రేపు నీకు పరీక్ష ఉంది. ఏ స్టాపులో నిలబడతావు?’’ అని అడిగి ఊరుకున్నారు. కాసేపు గుసగుసల తర్వాత కిటికీ పక్కనున్న అమ్మాయి ‘‘మద్దిలపాలెంలోనే మేడమ్, రెండోదాన్ని నమ్మలేం’’ అంది. ఆ ‘నమ్మలేం’ అన్న మాటనే బోర్డు మీద రాసి, దాన్ని అంకెల్లో ఎలా చెప్పాలన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సూత్రాన్ని పిల్లల చేతనే ఒక్కొక్క మెట్టుగా కట్టించారు. చివరి ఐదు నిమిషాల్లో, అర్థం కాని విషయాన్ని తెలుగులోనైనా సరే ఒక్క వాక్యంలో చీటీ మీద రాసిమ్మన్నారు. మర్నాటి పాఠం ఆ చీటీలతోనే మొదలవుతుందట.

బయటికి వచ్చాక ఆమె చెప్పిన మాట నన్ను చాలాసేపు వెంటాడింది. ఈ నాలుగేళ్లలో విద్యార్థులు కాని మనిషి ఒకరు తన తరగతిలో కూర్చోవడం అదే మొదటిసారి.

యువ అధ్యాపకుల బోధనా ప్రతిభను గుర్తించాలని ప్రతి సెప్టెంబరు 5న సభల్లో వింటూనే ఉంటాం. అయితే గుర్తించాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి కదా. మన ఉన్నత విద్యలో పరిశోధన పదిమంది కంటా పడుతుంది, బోధన మాత్రం నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి. పదోన్నతి సమయంలో ఆ బోధనను కొలిచే పద్ధతి ఏమిటంటే, అప్పగించిన తరగతుల్లో 80 శాతం, అంతకు మించి తీసుకుంటే ‘బాగుంది’, 70 నుంచి 80 లోపైతే ‘సంతృప్తికరం’. నేను విన్న పాఠమూ, పాత నోట్సు డిక్టేషన్ చెప్పి గంట గడిపిన పాఠమూ ఆ లెక్కలో సరిసమానమే. అదే నిబంధనల్లో పరిశోధన పత్రానికి మాత్రం విజ్ఞాన శాస్త్రాల్లో 8, మానవీయ శాస్త్రాల్లో 10 చొప్పున మార్కులు నిర్దిష్టంగా ఉన్నాయి. తెలివైన యువకుడెవరైనా తన సాయంత్రాలను దేనికి వెచ్చిస్తాడో వేరే చెప్పనక్కర్లేదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా, నియామకాల్లో, పదోన్నతుల్లో పరిగణించదగిన తొమ్మిది అంశాల్లో ఒకటిగా వినూత్న బోధనను చేర్చింది. ఆ ఆలోచన మంచిదే. అయితే ఆ వినూత్నతను ఎవరు, ఎక్కడ కూర్చుని చూస్తారన్న ప్రశ్న అలాగే ఉంది.

ఈ లోటు కొత్తది కాదు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి, అవి బడి పంతుళ్లకు. శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారాలు కూడా 1958లోనే మొదలయ్యాయి, అవి 45 ఏళ్ల లోపు శాస్త్రవేత్తలకు. ఈ రెంటి మధ్యా కాలేజీలో, యూనివర్సిటీలో బాగా పాఠం చెప్పే మనిషి ఎవరికీ చెందకుండా పోయాడు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను ఉన్నత విద్యకు విస్తరించింది 2023లోనే. అరవై అయిదేళ్లు పట్టింది.

విశాఖకు ఈ విషయంలో మాట్లాడే హక్కు ప్రత్యేకంగా ఉందని నా నమ్మకం. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు (నేటి ఆంధ్రా యూనివర్సిటీకి) 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టినరోజునే దేశం ఉపాధ్యాయ దినోత్సవం చేసుకుంటోంది. ఆయన కాలంలో వాల్తేరు తరగతి గదుల్లోకి పాఠం చెప్పడానికి వచ్చినవారిలో భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం, తర్వాత కేంద్ర మంత్రి అయిన హుమాయూన్ కబీర్, కమ్యూనిస్టు ఎంపీగా పేరొందిన హీరేన్ ముఖర్జీ ఉన్నారు. అప్పటికి ముగ్గురూ ముప్పై ఏళ్లు నిండని కుర్రవాళ్లే. పత్రాల సంఖ్య చూసి కాక మనిషిలోని సత్తా చూసి పిలిచి పాఠం అప్పగించిన సంప్రదాయం ఈ ఊరిది.

ఇప్పుడు యువ అధ్యాపకుల పేరిట పురస్కారం పెట్టాలనుకుంటే, దరఖాస్తులు పిలిచే పద్ధతికి ముందు స్వస్తి చెప్పాలి. దరఖాస్తు అనగానే ఫొటోలు, సర్టిఫికెట్లు, ఆహ్వాన పత్రాలు కుట్టిన లావుపాటి ఫైలు తయారవుతుంది, ఫైలు బాగా కుట్టినవారే గెలుస్తారు. పైరవీకి తలుపు తెరుచుకునేదీ అక్కడే. విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఒక్కదాన్నే నమ్ముకోవడమూ సరి కాదు. సెమిస్టరు చివర హడావిడిగా టిక్కులు పెట్టే ఆ పత్రాల్లో కఠినమైన సబ్జెక్టు చెప్పేవారికి నష్టం జరుగుతుంది, మహిళా అధ్యాపకులకు అకారణంగా తక్కువ మార్కులు పడుతున్నాయని వివిధ దేశాల్లో అధ్యయనాలు ఇప్పటికే చూపించాయి.

నా సూచన శ్రమతో కూడినదే. వేరే కళాశాల నుంచి ఒకరు, అదే శాఖ సీనియర్ ఒకరు సెమిస్టరులో రెండుసార్లు, ముందే చెప్పి, తరగతి మొత్తం కూర్చోవాలి. ఆ పిల్లలకు తర్వాతి సెమిస్టరులో పాఠం చెప్పేవారిని విధిగా అడగాలి. పునాది ఎవరు గట్టిగా వేశారో ఆ తర్వాత గోడ కట్టేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చదువు ముగించి రెండేళ్లయిన విద్యార్థులనూ అడగాలి, ఎందుకంటే ఆ ఏడాది విసుగనిపించిన పాఠం ఉద్యోగంలోనో పైచదువులోనో అక్కరకొచ్చిన సంగతి అప్పటికి గానీ బయటపడదు.

ఇక ఇచ్చేది శాలువా, జ్ఞాపిక మాత్రమే అయితే ఇంత ప్రయాస అనవసరం. ఉద్యోగంలో మొదటి అయిదారేళ్లలో పెద్ద సెక్షన్లు, ల్యాబులు, పేపర్ల వాల్యుయేషన్, అడ్మిషన్ డ్యూటీలు, కళాశాలలకు గ్రేడ్లిచ్చే న్యాక్ సంస్థ కోసం ఫైళ్లు అన్నీ కొత్తవారి నెత్తినే పడతాయి. అలాంటివారికి అన్నిటికన్నా కరువైనది సమయం. ఒక సెమిస్టరులో ఒక కోర్సు భారం తగ్గించి, అదే సెమిస్టరులో ఇద్దరు కొత్త లెక్చరర్లు పురస్కారం పొందినవారి తరగతిలో కూర్చునే ఏర్పాటు చేస్తే గౌరవమూ దక్కుతుంది, విద్యా వ్యాపిస్తుంది. కెనడాలో 1986 నుంచి నడుస్తున్న 3ఎం జాతీయ బోధనా ఫెలోషిప్‌లో ఏటా పదిమంది వరకు ఎంపికైనవారిని కొన్ని రోజులు ఒకచోట చేర్చి, బోధన గురించే మాట్లాడుకోనిస్తారు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, గీతం, ఐఐఎం, సబ్బవరంలోని న్యాయ విశ్వవిద్యాలయం, డాక్టర్ వి.ఎస్.కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఒకదానికొకటి గంట ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. ఒకరి తరగతికి ఒకరు వెళ్లడానికి ఇంతకన్నా అనువైన నగరం రాష్ట్రంలో ఉందనుకోను.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడంతో, మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెప్పేవారిలో గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులు గణనీయంగా ఉన్నారు. ‘రెగ్యులర్ అధ్యాపకులు మాత్రమే అర్హులు’ అన్న ఒక్క వాక్యం చేరిందంటే, గుర్తింపు ఎవరికి అత్యవసరమో వారే గడప అవతల ఉండిపోతారు. వచ్చే జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి, గంటల లెక్కన జీతం తీసుకుంటూ, చీటీలు ఇంటికి పట్టుకెళ్లి రాత్రి చదువుతున్నారంటే, ఆ శ్రమకు రేపటి ఇంటర్వ్యూ బోర్డు ముందు కొన్ని మార్కుల విలువైనా దక్కాలి. ఆ మార్కులు ఎన్ని అన్నది నోటిఫికేషన్‌లోనే రాయాలి.