చంద్రబోస్ చదువు మానేయలేదు

మా కర్నూలు గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. పొద్దున బంధువుల గ్రూపులో, రాత్రికి పాత క్లాస్‌మేట్ల గ్రూపులో. 'ఆస్కార్ కొట్టిన మన సీమ బిడ్డ చంద్రబోస్! దేశంలో ఆస్కార్ అందుకున్న తొలి పాటల రచయిత. చదువు వదిలేసి పాటలు పట్టుకున్నాడు. నాటు నాటు పది నిమిషాల్లో రాసి పడేశాడు. అందులో మాటలేం లేవు, ఆస్కార్ స్టెప్పులకే వచ్చింది. పిల్లల్ని చదువు చదువు అని చంపకండి.' పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. ఒక్కరైనా చదివి పంపినట్టు లేదు.

సీమ బిడ్డ కాదు, ఆయనది వరంగల్ వైపు చల్లగరిగె. తొలి రచయితా కాదు. 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సినిమాలోని 'జయ హో'కు రెహమాన్‌తో పాటు, ఆ పాట రాసిన గుల్జార్‌కూ ఆస్కార్ ఇచ్చారు. కాకపోతే అది బ్రిటిష్ వాళ్లు తీసిన సినిమా. మనవాళ్లు తీసిన సినిమా పాటకు రావడం 2023లోనే మొదలు. ఆ మాట చెప్పుకుంటే సరిపోదా? గుల్జార్‌ను చెరిపేస్తే గానీ మన గొప్ప నిలబడదా?

నాకు ఒళ్లు మండేది చదువు సంగతి దగ్గర. చంద్రబోస్ హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చదివారు. అప్పట్లో మన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఆ యూనివర్సిటీ కిందే ఉండేది. అక్కడ సీటు రావడమంటే ఏమిటో ఈ మెసేజ్ పంపే పెద్దలకు నేను చెప్పాలా? మా వీధిలో ఇంటర్ చదివే పిల్లాడు ఇదే మెసేజ్ ఫోన్లో తెరిచి వాళ్ల నాన్న ముందు పెట్టాడు. 'ఆయనకు అక్కర్లేని చదువు నాకెందుకు?' అన్నాడు. ఆ తండ్రి నోట మాట రాలేదు. అబద్ధం రాసినవాడెవడో హాయిగా ఉన్నాడు, టెన్షన్ మాత్రం ఆ ఇంటికి. పాటలు రాయాలని ఉన్న పిల్లలను రాయనివ్వండి, నేనూ అదే అంటాను. కానీ లేని కథ చూపించి పుస్తకం మూయించకండప్పా!

'పది నిమిషాలు' కూడా అదే జాతి అబద్ధం, కష్టపడకుండా వచ్చిందని చెప్పడానికి పుట్టించింది. తొంభై శాతం పాట సగం రోజులో వచ్చేసిందని, మిగతా పది శాతానికి 19 నెలలు పట్టిందని ఆయనే చెప్పారు. ఆయన తొలి పాట 1995లో. ఆస్కార్ నాటికి 28 ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఆ ఏళ్లన్నీ పది నిమిషాల కింద ఎలా కట్టారు?

ఇక మాటల్లేవట. ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు, కిర్రుచెప్పులు, పోలేరమ్మ జాతరలో పోతరాజు... ఇవి మాటలు కావా? జొన్నరొట్టె తిని పెరిగిన కర్నూలువాళ్లు అనాల్సిన మాటేనా ఇది? పెనం మీది నుంచి దిగిన రొట్టెను తుంచి, వెల్లుల్లి వేసి దంచిన ఎర్రకారం అద్దుకుని నోట్లో పెట్టుకుంటే చెవుల దాకా పాకే ఆ ఘాటు తెలిసినవాడే రాయగల పాట అది. పైగా ఆ అవార్డు పేరే ఒరిజినల్ సాంగ్. ఇచ్చేది బాణీ కట్టినవారికి, పాట రాసినవారికి. అందుకే వేదిక మీద కీరవాణి పక్కన చంద్రబోస్ నిలబడ్డారు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. తెలుగు ఒక్క ముక్క రాని జనం ఆ పాటను నెత్తిన పెట్టుకున్నది ప్రేమ్ రక్షిత్ కట్టిన స్టెప్పులు చూసే. అవి లేకుంటే పాట అంత దూరం పోయేది కాదు. మెసేజ్‌లో ఆ సగం నిజం.

సీమ పేరు కలపాలని అంత మనసుంటే దారి ఉంది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల 'కొండపొలం'. కరువులో గొర్రెల మందలతో నల్లమల ఎక్కే మనవాళ్ల కథ. దాన్ని సినిమా తీస్తే పాటలో మాటలకు చంద్రబోస్‌కు జాతీయ అవార్డు వచ్చింది. ప్రకటించింది 2023 ఆగస్టులో, ఆస్కార్ వచ్చిన అయిదు నెలలకు. మెసేజ్‌లో దాని ఊసే లేదు.