ఎత్తెక్కితే జింక చూడదంటారా?

సెప్టెంబరులో జార్జియాలో విల్లు సీజన్ (విల్లు, బాణంతో జింకల్ని వేటాడే రోజులు) మొదలవుతుందంటే చాలు, అట్లాంటా చుట్టుపక్కల కొత్తగా వేట నేర్చుకున్న మనవాళ్ల మధ్య ఒకటే మెసేజీ తిరుగుతుంది. "చెట్టు మీద 30 అడుగులు ఎక్కండి. జింక తల పైకెత్తదు. మీ వాసన దాని నెత్తి మీదుగా పోతుంది. పైనుంచి వేస్తే బాణం గురి తప్పదు. హార్నెస్ (పడిపోకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు) ఉంటే ఎంతెత్తయినా ఒకటే." మొన్న ఒక తమ్ముడు దాన్ని నాకే పంపి, "అన్నా, మన 18 అడుగుల స్టాండుని ఇంకో పన్నెండు పెంచుదామా?" అని అడిగాడు. స్టాండంటే చెట్టుకి కట్టుకుని కూర్చునే మంచె. వాడికి ఫోన్లో గబగబా చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

(ఇదంతా లైసెన్సు, సీజను, లెక్క ఉన్న తెల్లతోక జింకల వేట సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింకని వేటాడటం నేరం. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఈ తెలివి అక్కడ చూపించకండి.)

"జింక తల పైకెత్తదు." ఎత్తుతుంది. పైగా చాలాసార్లు ఎత్తాల్సిన పని కూడా ఉండదు. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు 300 డిగ్రీలు కనిపిస్తుంది. ఏటా చెట్ల మీంచి బాణాలు తిన్న మందల్లో ముసలి ఆడ జింకలైతే అడవి అంచుకి రాగానే కొమ్మల్లోకి ఒక చూపు చూసిగానీ అడుగెయ్యవు.

నా మూడో ఏడు సంగతి చెబుతాను. ఉత్తర జార్జియా కొండల్లో, వాలు మీదున్న ఓక్ చెట్టు. పల్లం వైపు నుంచి టేపు పెట్టి కొలిచి 22 అడుగులెక్కి, గొప్పగా కూర్చున్నాను. పొద్దున ఎనిమిదింటికి జింకలు వచ్చాయి, పైవాలు నుంచి. పాతిక గజాల దూరంలో ముందున్న ఆడ జింక ఆగింది. దాని కళ్లు సరిగ్గా నా కళ్ల ఎత్తులో ఉన్నాయి. ముందుకాలు నేలకేసి ఒక్కటి కొట్టింది. తల దించి మేస్తున్నట్టు నటించి, చటుక్కున ఎత్తి మళ్లీ నా వైపే చూసింది. నేను రెప్ప కూడా వెయ్యలేదు గానీ విల్లు మీదున్న వేళ్లు వణికాయి, అంతే. బుస కొట్టి, తోక జెండాలా ఎత్తి, మొత్తం మందని తీసుకుపోయింది. నా టేపు లెక్కలో అది 22 అడుగులు. ఆ జింక లెక్కలో నేను నేల మీద నిలబడ్డవాణ్ణే.

అందుకే ఎన్ని అడుగులెక్కామన్న దానికన్నా వెనక ఏముందో ముందు చూసుకోవాలి. నవంబరులో ఆకు రాలాక 30 అడుగుల దగ్గర బోడి మాను, దాని వెనక తెల్లటి ఆకాశం. అక్కడ కూర్చుంటే కరెంటు స్తంభమెక్కిన కోతిలా ఉంటాం. అదే 15 అడుగుల దగ్గర వెనకాల ఒక బీచ్ చెట్టుంటే, అది ఎండుటాకుల్ని చలికాలమంతా పట్టుకునే ఉంటుంది కాబట్టి, మన ఆకారం అందులో కలిసిపోతుంది. రంగు గురించి కూడా కొందరికి అనవసరపు టెన్షన్. తుపాకీ సీజన్లో జార్జియా చట్టం ప్రకారం నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు వేసుకోవాల్సిందే. మనకి కొట్టొచ్చినట్టు కనపడే ఆ నారింజ జింకకి అలా కనపడదు. దానికి బాగా కనిపించేది నీలం. నీలం జీన్స్‌తో 30 అడుగులెక్కి కాలు ఊపేవాడి కన్నా, నారింజ జాకెట్‌తో 15 అడుగుల్లో కదలకుండా కూర్చున్నవాడు నయం.

"వాసన నెత్తి మీదుగా పోతుంది." ఈ మాటలో సగం నిజముంది, జనం మోసపోయేది ఆ సగం దగ్గరే. గాలి నిలకడగా వీస్తున్న రోజున, చదును నేల మీద, దగ్గర్లో ఉన్న జింకకి మన వాసన అందకుండా పైనుంచి దాటిపోవచ్చు. కానీ అది ఎక్కడికీ పోదు, ఇంకాస్త దూరంలో నేలకి దిగుతుంది. ఇక సాయంత్రం కథే వేరు. పొద్దు వాలాక చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంట నీళ్లు జారినట్టు పల్లానికి జారుతుంది. పొద్దున ఎండ తగిలాక మళ్లీ పైకి లేస్తుంది.

నమ్మకపోతే జిల్లేడు దూది అడగండి. ఇక్కడ మిల్క్‌వీడ్ అని ఒక మొక్క ఉంటుంది, మన జిల్లేడుకి చుట్టమే. కాయ పగిలితే చిన్నప్పుడు మనం ఊదుకుంటూ పరిగెత్తిన అదే తెల్ల పట్టుదూది. వేటగాళ్లు నాలుగు కాయలు జేబులో వేసుకుని వెళతారు. ఒక అక్టోబరు సాయంత్రం వాగు ఒడ్డున, 25 అడుగుల మీద నుంచి ఒక పోగు వదిలాను. ముందు వాగుకి ఎదురు దిక్కుగా పది గజాలు హాయిగా తేలింది. తర్వాత ఆగింది. నెమ్మదిగా దిగి, వెనక్కి తిరిగి, నా చెట్టు మొదలు పక్కగా వాగు దారిన పోయింది. జింకలు రోజూ వచ్చే బాట అదే. అక్కడ ఇంకో పదడుగులు ఎక్కినా ఆ దూది దిగేది ఆ వాగులోకే. నేను చెయ్యాల్సింది చెట్టు మార్చడం, మార్చాను.

"పైనుంచి వేస్తే గురి తప్పదు." దీనికి కాగితం, పెన్సిలు చాలు. మంచె మీద నిలబడితే బాణం ఇంకో 5 అడుగుల పైనుంచి బయల్దేరుతుంది, జింక గుండె భాగం నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది అనుకుందాం. జింక 20 గజాల్లో ఉంటే, 20 అడుగుల మంచె నుంచి బాణం సుమారు 21 డిగ్రీల వాలున దిగుతుంది, 30 అడుగుల నుంచి 28. పెద్ద తేడా లేదనిపిస్తుంది. 10 గజాలకి వస్తే 37, 47. 5 గజాలకి 56, 65. విల్లుతో వేసేవాడికి జింక దొరికేది ఎక్కువగా ఆ దగ్గర దూరాల్లోనే.

బాణం అంత నిటారుగా దిగితే ఏమవుతుంది? పక్క నుంచి వేస్తే రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోయేది, ఇప్పుడు ఒక్కదాన్నే చీరుతుంది. ఒక్క ఊపిరితిత్తితో జింక చాలా దూరం పోగలదు. కొంచెం అటూ ఇటూ అయితే వెన్నెముకకి తగులుతుంది. బాణం కింద నుంచి బయటికి రాకపోతే, పైనున్న ఒక్క గాయంలోంచి నెత్తురు నేల మీద పెద్దగా పడదు, లోపలే నిండుతుంది, జింక ఎటు పోయిందో జాడ దొరకదు. టార్చి పట్టుకుని రాత్రి పదకొండింటిదాకా ఎండుటాకులు తిప్పి చూస్తూ వెతికిన పాపం నాకూ ఉంది. ఆ జింక దొరకలేదు. దాని గురించి ఇంతకన్నా రాయాలని లేదు.

పైగా ఎత్తు పెరిగేకొద్దీ నడుము దగ్గర ఇంకా ఎక్కువ వంగాలి. జింక దగ్గరికొచ్చిన కంగారులో ఆ సంగతి మర్చిపోయి చేతులు మాత్రమే దించుతాం, బాణం వీపు మీదుగా పోతుంది. ఇంటి వెనక నేల మీద నిలబడి వెయ్యి బాణాలు వేసినా ఇది పట్టుబడదు.

"హార్నెస్ ఉంటే ఎంతెత్తయినా ఒకటే." కాదు. చాలామంది పడేది కూర్చున్నప్పుడు కాదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన మీంచి మంచె మీదకి కాలు మార్చేటప్పుడు. పైకెళ్లాక హార్నెస్ తగిలించుకునేవాడికి ఆ సమయంలో అది ఉన్నా లేనట్టే. నేల మీద నుంచే లైఫ్‌లైన్ తాడుకి (మంచె పైనుంచి చెట్టు మొదలుదాకా కట్టి ఉంచే తాడు) హార్నెస్‌ని కట్టుకోవాలి. పడి తాడుకి వేలాడితే, తొడల పట్టీలు నెత్తురుని ఆపేస్తాయి, ఎక్కువసేపు అలా ఉంటే ప్రాణం మీదకొస్తుంది. కాలు పెట్టి నిలబడే పట్టీ హార్నెస్‌కి ఉందో లేదో చూసుకోండి. విల్లు భుజాన వేసుకుని ఎక్కొద్దు, తాడు కట్టి పైకి లాక్కోండి. ఏడాదంతా చెట్టుకే వదిలేసిన స్టాండు పట్టీలు ఎండకీ వానకీ చీకిపోతాయి, సీజన్ ముందు మార్చండి.

అలాగని ఎత్తు ఎప్పుడూ తప్పు కాదు. మా లీజు స్థలంలో ఒక పైన్ తోట ఉంది. చదును నేల, కొమ్మ లేకుండా నిలువుగా లేచిన మానులు, వెనక దాక్కోవడానికి పొద అన్నది లేదు. జింకలు తోట అంచున 25 గజాల్లో నడుస్తాయి గానీ చెట్టు కిందికి రావు. అక్కడ క్లైంబరేసుకుని (మానుని పట్టుకుని మనతో పాటే పైకి జరిగే స్టాండు) 25 అడుగులు ఎక్కుతాను. తమ్ముడి ఓక్ చెట్టుకి మాత్రం 16 చాలు. ఆ ఎత్తులోనే మూడు మానులుగా చీలింది, మధ్యలో మనిషి పట్టేంత చోటుంది. ఆదివారం ఇద్దరం వెళ్లి రెండడుగులు దించి వస్తాం.