వేళ్లకు సుంకం లేదు

విదేశీ సరుకు ఓడ దిగగానే స్వదేశీ కర్మాగారంలో ముందుగా కొలువు పోయేది కార్మికుడికని లోకం పొరబడుతుంది. నిజానికి మొదట ఊడేది, రేకును అచ్చు కింద నొక్కే ప్రెస్ మెషీన్‌కు చేతులు నలగకుండా బిగించిన ఇనుప గార్డు. పాపం, అది ఏనాడూ ఒక్క వస్తువు తయారుచేసి ఎరుగదు, పైగా ప్రతి దెబ్బకూ తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ నాలుగు క్షణాలు తినేస్తుంది. అవతలివాడు ధర తగ్గించాడని ఇక్కడ కరెంటు బిల్లు తగ్గదు, బ్యాంకు వడ్డీ తగ్గదు, ఉక్కు ధర ఎవరి మాటా వినదు. చెప్పిన మాట వినేవి రెండే: ఆ గార్డు, దాని వెనక ఉన్న చెయ్యి.

రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగాలన్నది పాత ఏర్పాటు. ఒక మీటను టేపుతో అదిమి కట్టేస్తే రెండో చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ చేతితో అచ్చు కింద రేకును సర్దుకోవచ్చు. దీన్నే ఉత్పాదకత అంటారు. ఐదు వేళ్లూ సమానంగా ఉండవని పెద్దలు చెప్పారు గానీ, ఐదూ ఉండి తీరాలని ఎక్కడా చెప్పలేదు.

ఈ ఉత్సాహం చిన్న యూనిట్లలో మరీ ఎక్కువ. 1996 నుంచి 2007 వరకు అమెరికా కర్మాగారాల గాయాల లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు, చైనా దిగుమతుల పోటీ తగిలిన పరిశ్రమల్లో, ముఖ్యంగా చిన్న యూనిట్లలో, గాయాలు పెరిగాయని తేల్చారు. ఆశ్చర్యమేముంది? అలాంటి చోట భద్రతాధికారీ, స్టోర్ కీపరూ, మరమ్మతులు వాయిదా వేసే పెద్దమనిషీ తరచుగా ఒకరే.

సురక్షితమైన పని వాతావరణాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో మౌలిక హక్కుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 1998 నాటిది. హక్కు రావడానికే 24 ఏళ్లు పట్టినప్పుడు, గార్డు మళ్లీ బిగించడానికి తొందరేమిటని యాజమాన్యం అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పైగా గేటు దగ్గరి బోర్డు మీద ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ నానాటికీ పెరుగుతూనే ఉన్నాయి. మూతపడుతుందన్న పుకారు ఉన్న కర్మాగారంలో ఎవరికీ దెబ్బ తగలదు. రోజూ పొద్దున్నే ఆ అంకె మార్చేది ఎడమ చేతికి కట్టు కట్టుకున్న ఓ కార్మికుడు. ఏమైందని అడిగితే, ఇంట్లో తలుపు సందులో పడిందంటాడు.