బాయిలర్‌లో నీళ్లు నింపుతూనే ఉన్నారా? ముందు ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి చెక్ చేయించండి

యూకేలో ఇల్లున్న మనవాళ్ల కోసం ఈ పోస్ట్.

పోయిన చలికాలమంతా మా ఇంట్లో ఒకటే తంతు. పొద్దున లేచేసరికి కాంబీ బాయిలర్ (ఇంటి హీటింగ్‌కీ, కుళాయి వేడినీళ్లకీ ఒకటే యంత్రం) ప్రెషర్ గేజ్ ముల్లు సున్నా మీద ఉండేది. పిల్లలు వణుకుతూ స్కూలుకి తయారయ్యేవాళ్లు. ఫిల్లింగ్ లూప్ (సిస్టమ్‌లోకి కొత్త నీళ్లు ఎక్కించే కుళాయి) తిప్పి ప్రెషర్ 1.2 బార్‌కి తెచ్చేదాన్ని. హీటింగ్ వేసిన అరగంటకి ముల్లు 3కి పాకేది. బయట గోడలోంచి వచ్చే సన్నటి రాగి పైపు నుంచి నీళ్లు కారేవి. చల్లారాక మళ్లీ సున్నా.

మొదట వచ్చిన ఇంజనీర్ సేఫ్టీ వాల్వ్ మార్చాడు. మూడు వారాలకి కథ మళ్లీ మొదటికొచ్చింది. రెండో ఆయన కొత్త బాయిలర్ పెట్టించుకోమన్నాడు. మూడో ఆయన లోపలున్న ఎర్రటి ఎక్స్‌పాన్షన్ వెసెల్ మూత తిప్పి, సైకిల్ ట్యూబుకి ఉండేలాంటి వాల్వ్ పిన్ను నొక్కాడు. బుస్సుమన్న చప్పుడే లేదు, అంటే లోపల గాలే లేదు. నీళ్ల ప్రెషర్ సున్నాకి దించి, డ్రెయిన్ తెరిచే ఉంచి, పంపుతో గాలి కొట్టాడు. అంతే!

నీళ్లు 10 డిగ్రీల నుంచి 80కి వేడెక్కితే సుమారు 3 శాతం పెరుగుతాయి. సిస్టమ్‌లో 100 లీటర్లుంటే మరో 3 లీటర్లకి చోటు కావాలి. మూసేసిన పైపుల్లో చోటెక్కడిది? వెసెల్‌లో రబ్బరు పొరకి ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క గాలి ఉంటాయి. గాలి నలిగి నీళ్లకి చోటిస్తుంది. ఆ గాలే పోతే ప్రెషర్ 3 బార్‌కి చేరుతుంది, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని ఆ రాగి పైపులోంచి నీళ్లు బయటికి వదులుతుంది. పాపం, వాల్వ్ తన పని తను చేస్తోంది. దాన్ని మార్చి ఏం లాభం? (పిన్ను నొక్కితే నీళ్లొచ్చాయంటే మాత్రం రబ్బరు పొర చిరిగినట్టే. వెసెల్ మార్చాలి, లేదా బాయిలర్ బయట, నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ పైపుకి ఇంకోటి బిగించాలి.)

నా కోపమంతా సర్వీసు మీదే. ఏటా డబ్బు కట్టాను, ఒక్కరూ ఆ గాలి కొలవలేదు. నేనేమో రోజూ కొత్త నీళ్లు ఎక్కిస్తూ, వాటితో పాటు ఆక్సిజన్ కూడా ఎక్కించాను. రేడియేటర్లు లోపల తుప్పు పట్టి నల్ల బురద చేరేది దానివల్లే.

బాయిలర్ కవర్ మీరు విప్పకండి, అది గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనులకి రిజిస్టరైన) ఇంజనీర్ పని. కానీ ఆయన వెళ్లేలోపు "వెసెల్ ప్రెషర్ ఎంత ఉంది?" అని అడగండి. మా సర్వీసు కాగితం మీద ఈసారి 0.8 బార్ అని రాయించుకున్నాను.